నులిపురుగుల మాత్ర వేసినా తగ్గని విరేచనాలు

ప్రశ్న: మేము ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్నాం. మావారిది కిరాణా వ్యాపారం, నేను ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను. మా బాబుకు రెండేళ్ళ ఐదు నెలలు. ఏప్రిల్ నుంచి వాణ్ణి పగటిపూట మా వీధిలోనే ఒకావిడ ఇంట్లో నడిపే పిల్లల సంరక్షణ కేంద్రంలో వదులుతున్నాను. అక్కడ పది పన్నెండు మంది పిల్లలుంటారు. జూలై నుంచి బాబుకు వారంలో మూడు నాలుగు రోజులు జిడ్డుగా, నీళ్ళమీద తేలేలా, భరించలేని వాసనతో విరేచనాలవుతున్నాయి. కడుపు ఉబ్బుతోంది, పాలు తాగితే ఎక్కువవుతోంది, బరువు పెరగలేదు. రక్తం గానీ జ్వరం గానీ లేవు. ఆగస్టులో ఇక్కడి అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర వేయించాను. సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో మా అత్తగారింటికి వెళ్ళినప్పుడు అక్కడా వేశారు. మందుల షాపులో అడిగితే మళ్ళీ అదే ఇచ్చారు. ఒకసారి మల పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు. ఈమధ్య రాత్రిళ్ళు వాడు మలద్వారం దగ్గర తెగ గోక్కుంటున్నాడు. బెల్లం, చాక్లెట్లు తినడం వల్లనే పురుగులు పడ్డాయని, పళ్ళు కొరకడమే అందుకు సాక్ష్యమని అత్తగారు అంటున్నారు. వాయువిడంగాల కషాయం పోయమంటున్నారు. వాణ్ణి అక్కడ మాన్పించాలా? నాకిప్పుడు మూడో నెల. ఇంట్లో అందరూ మాత్ర వేసుకోవాలంటే నేనూ వేసుకోవచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒకదానితో ఒకటి కలిసిపోయిన రెండు బాధలు కనిపిస్తున్నాయి. జూలై నుంచి సాగుతున్న జిడ్డు విరేచనాలు ఒకటి, ఈమధ్య మొదలైన రాత్రి దురద రెండోది. వీటికి కారణం ఒకటే కాకపోవచ్చు. ఇప్పటికి మూడుసార్లు వేసిన మాత్రకు మొదటి బాధతో సంబంధమే లేకపోవచ్చు, రెండో దానికి ఆ మాత్ర పనికివచ్చేదే అయినా వేయవలసిన పద్ధతిలో వేయలేదు. అందువల్ల నాలుగోసారి మాత్ర వేసే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అంగన్‌వాడీల్లోనూ బడుల్లోనూ ఏటా రెండు విడతలుగా వేసేది ఆల్బెండజోల్ మాత్ర. 2015లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, ఏడాది నుంచి 19 ఏళ్ళ వయసు వరకు, సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న దీన్ని వేస్తారు. వీలును బట్టి రాష్ట్రాలు ఈ తేదీలను మార్చుకుంటూ ఉంటాయి. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు, ఆపై వయసువారికి పూర్తి మాత్ర 400 మిల్లీగ్రాములు ఇస్తారు. ఈ మాత్ర ప్రధానంగా మట్టి ద్వారా సంక్రమించే ఏలికపాములను, కొంకిపురుగులను, కొరడా పురుగులను ఉద్దేశించినది. ఏలికపాము గుడ్డు మలంతో బయటపడిన వెంటనే ఎవరికీ అంటుకోదు; తేమగల నేలలో రెండు మూడు వారాలో అంతకంటే ఎక్కువ కాలమో ఉండి పక్వమైన తరువాతే అది మరొకరి కడుపులో పెరగగలదు. కొంకిపురుగు పిల్లలు నేలలో పెరిగి, చెప్పులు లేని పాదాల చర్మంలోంచి లోపలికి చొరబడతాయి. ఆరుబయట మలవిసర్జన, పెరట్లో ఆటలు, కడగని ఆకుకూరలు ఇందుకు కారణమవుతాయి. సిమెంటు గచ్చు ఉన్న గదిలో పది మంది పసివాళ్ళు పగలంతా కలిసి ఉన్నంత మాత్రాన ఏలికపాములు ఒకరి నుంచి మరొకరికి నేరుగా పాకవు. కాబట్టి ఆ కేంద్రంలో అంటుకునేవి ఏవో వేరుగా ఆలోచించాలి.

అలాంటి వాటిలో మొదట తలచుకోవలసినది జియార్డియా. ఇది పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ పరాన్నజీవి. చిన్నపేగు గోడకు అంటిపెట్టుకుని కొవ్వును, పాలలోని చక్కెరను ఒంటికి పట్టనివ్వదు. జీర్ణం కాని కొవ్వు మలంతో పోతుంది కనుకనే మీరు రాసినట్టు మలం జిడ్డుగా, తేలుతూ, దుర్వాసనతో వస్తుంది. పాలు తాగిన తరువాత కడుపు ఉబ్బడానికీ కారణం అదే. రక్తం, జ్వరం లేకుండా వారాల తరబడి తగ్గుతూ మళ్ళీ తిరగబెడుతూ ఉండడం, తింటున్నా బరువు పెరగకపోవడం కూడా దీని లక్షణాలే. ఇది బయటికి వచ్చేటప్పుడు సిస్టు అనే గట్టి పొర కట్టుకుని వస్తుంది. సోకిన పిల్లవాడి మలంలో ఒక్క రోజులోనే కోట్లకొద్దీ సిస్టులు ఉండగలవు, కొత్తగా ఒకరికి సోకడానికి పది సిస్టులు నోట్లోకి వెళ్ళినా చాలు. పైగా ఏలికపాము గుడ్డులా ఇవి మట్టిలో మగ్గవలసిన అవసరం లేదు, బయటపడిన క్షణం నుంచే అంటుకోగలవు. డైపరు మార్చిన చేయి, ఆ చేత్తో కలిపిన అన్నం, ఒకరి నోట్లోంచి మరొకరి నోట్లోకి పోయే బొమ్మ, ఇంతే దారి. సంరక్షణ కేంద్రాల్లో, అందులోనూ ఇంకా మలవిసర్జన అలవాటు కుదరని పిల్లలున్న చోట, ఇది ప్రపంచమంతటా పరిచితమైన సమస్య. ఆ కేంద్రాన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నగరాల్లో ఎక్కువ ఫీజు తీసుకునే చోట్ల కూడా ఇదే జరుగుతుంది.

ఒక్కసారి వేసే ఆల్బెండజోల్ మాత్రతో జియార్డియా పోదు. అదే మందును వరుసగా ఐదు రోజులు ఇచ్చే వైద్యవిధానం ఒకటి ఉన్నది గానీ, అది వైద్యుడు చూసి నిర్ణయించవలసినదే తప్ప అంగన్‌వాడీ మాత్రను ఇంట్లో ఐదు రోజులు వేసుకోవచ్చని అర్థం కాదు. సాధారణంగా మెట్రోనిడజోల్‌ను ఐదు నుంచి ఏడు రోజులు, లేదా నిటజోక్సనైడ్‌ను మూడు రోజులు, కొంచెం పెద్ద పిల్లలకైతే టినిడజోల్‌ను ఒకే మోతాదుగా వాడతారు. మోతాదు పిల్లవాడి బరువును బట్టి ఉంటుంది. మెట్రోనిడజోల్ మహా చేదు. పిల్లలు ఉమ్మేస్తారు, వాంతి చేసుకుంటారు. రెండో రోజుకే విరేచనం గట్టిపడిందని ఆపేస్తే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. మందుల షాపుల్లో రెండు మందులు కలిపి అమ్మే విరేచనాల సీసాలను మాత్రం చీటీ లేకుండా కొనవద్దు. వాటిలో అవసరం లేని యాంటీబయాటిక్ ఒకటి తోడుగా ఉంటుంది.

ఒకసారి పరీక్షలో ఏమీ లేదన్నంత మాత్రాన జియార్డియా లేదని తేల్చలేము. సిస్టులు రోజూ ఒకే రీతిగా పడవు, కొన్ని రోజులు విరివిగా, కొన్ని రోజులు అసలే లేకుండా ఉంటాయి. అందుకని రోజు విడిచి రోజు చొప్పున మూడు నమూనాలు ఇవ్వాలి. సంచిలో వేసుకుని బస్సెక్కి శ్రీకాకుళం తీసుకుపోయేసరికి పలచని మలంలోని పరాన్నజీవులు చచ్చిపోయి గుర్తుపట్టరానివవుతాయి. సూక్ష్మదర్శినితో చేసే ఈ పరీక్షకు పెద్ద ఊరి అవసరమూ లేదు. మీ ఊళ్ళోనే జిల్లా ఆసుపత్రి ఉంది. మలం పడిన గంట లోపల, మూత్రం కలవకుండా, శుభ్రమైన పొడి డబ్బాలో ఇవ్వండి. డైపరులోంచి గీకి ఇస్తే తడి పీల్చుకుపోయి ఉంటుంది కనుక, డైపరు లోపల ఒక పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి పట్టడం మేలు. జియార్డియా కోసం చూడమని చీటీ మీద డాక్టరుగారి చేత రాయించండి. నివేదికలో ‘ఎంటమీబా’ అని వస్తే వెంటనే కంగారుపడవద్దు. రక్తవిరేచనాలు కలిగించే అమీబాను, హాని చేయని దాని బంధువును సాధారణ సూక్ష్మదర్శిని కింద వేరుచేయడం కష్టం, రక్తం పడని పిల్లవాడికి ఆ ఒక్క మాటను చూసి వైద్యం చేయకూడదు.

మందు పూర్తయిన తరువాత కూడా కొన్ని వారాలు పాలు పడకపోవచ్చు. పేగు గోడ కోలుకునేదాకా పాలలోని చక్కెర అరగదు, అంతే. జబ్బు తగ్గలేదని భయపడి మళ్ళీ మందు మొదలుపెట్టవద్దు. పాలు తగ్గించి పెరుగన్నం పెట్టండి. నూనె, నెయ్యి, గుడ్డు, పప్పు మానేయించి గంజి మీద ఉంచడం మన ఇళ్ళలో పెద్దలు ప్రేమతోనే చేస్తారు గానీ, మూడు నెలలుగా బరువు పెరగని పిల్లవాడికి అది రెండో దెబ్బ అవుతుంది. విరేచనం పలచగా అయిన రోజుల్లో ఓఆర్ఎస్ ఇవ్వండి; జింకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వమని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఆశా కార్యకర్తను అడిగితే రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఎంత చిన్నదైనా, 14 రోజులు దాటిన విరేచనాన్ని వైద్యుడు చూడవలసిందే. ఆ గడువు మీ బాబు విషయంలో ఎప్పుడో దాటిపోయింది కనుక పై పరీక్షల కోసమైనా ఈ వారంలోనే వెళ్ళండి.

ఇక రాత్రి దురద సంగతి. ప్రభుత్వ పోస్టర్ల మీద నులిపురుగులన్న పేరు కిందే అన్ని పురుగులనూ కలిపి రాస్తారు గానీ, ఇక్కడ నేను చెబుతున్నది తెల్ల దారపు ముక్కల్లా, సెంటీమీటరు పొడవుకు అటూ ఇటూగా ఉండే సన్నపురుగుల గురించి. ఆడపురుగు రాత్రివేళ మలద్వారం బయటికి వచ్చి అక్కడి చర్మం మీద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, అందుకే దురద. పిల్లవాడు గోక్కుంటాడు, గుడ్లు గోళ్ళలోకి చేరతాయి, గోళ్ళు నోట్లోకి పోతాయి. ఈ గుడ్లు కొద్ది గంటల్లోనే పక్వమై, దుప్పట్ల మీదా తలుపు గొళ్ళేల మీదా రెండు మూడు వారాలు బతికి ఉంటాయి. గుడ్లు చర్మం మీద ఉంటాయి తప్ప మలంలో పెద్దగా ఉండవు, కనుక మల పరీక్షలో ఇవి సాధారణంగా దొరకవు. నిద్రపోయిన రెండు మూడు గంటల తరువాత టార్చి వేసి చూస్తే పురుగు కంటికే కనిపించవచ్చు. లేదా పొద్దున్నే కడగకముందు, స్నానం చేయించకముందు, పారదర్శకమైన అంటుడు టేపును మలద్వారం చుట్టూ అద్ది గాజుపలక మీద అంటించి ప్రయోగశాలకు ఇవ్వవచ్చు; వరుసగా మూడు ఉదయాలు చేస్తే దాదాపు తప్పిపోదు.

సన్నపురుగులకు ఆల్బెండజోల్ బాగానే పనిచేస్తుంది. అయితే అది పురుగులను చంపుతుంది గానీ గుడ్లను చంపదు. రెండు వారాల తరువాత రెండో మోతాదు వేయాలి, ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి; మీ ఇంట్లో ఈ రెండూ జరగలేదు. మాత్రల రోజునే పిల్లవాడి గోళ్ళు పొట్టిగా కత్తిరించి, లోదుస్తులు, దుప్పట్లు దులపకుండా మడిచి తీసి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. దులిపితే గుడ్లు గాలిలో లేచి ముక్కులోకి, నోట్లోకి పోతాయి. రెండు వారాల పాటు ఉదయం లేవగానే కింది భాగం కడిగి, రాత్రి బిగుతుగా ఉండే చెడ్డీ వేయండి. రెండున్నరేళ్ళవాడికి మాత్రను ఎప్పుడూ గుండగా నలిపి కొద్ది నీళ్ళలో కలిపి తాగించాలి. ఏడుస్తున్నవాడి నోట్లో మొత్తం మాత్ర వేసి ముక్కు మూయడం గొంతుకు అడ్డం పడే ప్రమాదమున్న పని.

మీరు మాత్రం ఇప్పుడు వేసుకోవద్దు. గర్భం దాల్చిన మొదటి మూడు నెలలు ఆల్బెండజోల్ వాడకూడదు. ప్రభుత్వ రక్తహీనత నివారణ కార్యక్రమంలో గర్భవతులకు ఒక మాత్ర ఇస్తారు గానీ అది నాలుగో నెల నుంచి ఆరో నెల లోపల, వైద్యసిబ్బంది చేతుల మీదుగా. మీకు దురద లేకపోతే తొందర అసలు లేదు. ఉన్నా, గోళ్ళు, చేతులు, పక్కబట్టల విషయంలో జాగ్రత్త పడుతూ మరికొన్ని వారాలు ఆగితే మీకు గానీ కడుపులోని బిడ్డకు గానీ నష్టం లేదు. బాబు డైపరు మార్చే పనిని ఆ నెలపాటు మీవారికి అప్పగించడం మరీ మంచిది, ఎలాగూ నేర్చుకోవలసినదే.

మీ అత్తగారి మాటల్లో కొంత నిజమూ కొంత నమ్మకమూ ఉన్నాయి. బెల్లం నుంచి పురుగులు పుట్టవు. అయితే మూత లేని బుట్టలోని మిఠాయిని కడగని చేత్తో తింటే ఏదైనా రావచ్చు, కనుక ఆమె గమనించిన దానిలో పూర్తిగా పస లేదనలేము. నిద్రలో పళ్ళు కొరకడం ఈ వయసు పిల్లల్లో చాలామందికి ఉంటుంది, పురుగులు లేనివాళ్ళకూ ఉంటుంది. పురుగులకు గుర్తని కొందరు చెప్పే బుగ్గల మీద తెల్లమచ్చలూ అంతే, చాలావరకు అవి పొడిచర్మం వల్ల వస్తాయి. వాయువిడంగాలు ఆయుర్వేదంలో క్రిమిహరంగా పేరున్నవే గానీ, ఇంట్లో కాచే కషాయంలో ఎంత మందు దిగుతుందో తెలియదు, మూడు నెలలుగా కడుపు పాడైన పసివాడికి అది పోసి చూడవలసిన పని లేదు. గర్భవతులకు అది పనికిరాదని ఆయుర్వేదమే చెబుతుంది, మీరు రుచి కూడా చూడకండి. ఆమెతో వాదం పెట్టుకోవడం కన్నా, మూడు నమూనాల పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమని అడగండి.

కేంద్రం మాన్పించాలా అన్నది మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది. విరేచనాలు అవుతున్న రోజుల్లో పంపకండి. ఆగిపోయి మామూలుగా అయిన తరువాత పంపవచ్చు. సన్నపురుగుల కోసమైతే ఒక్క రోజు కూడా మానేయనక్కర లేదు. పూర్తిగా మాన్పించి వేరేచోట చేర్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, అక్కడా పిల్లలే ఉంటారు, అక్కడా డైపర్లే ఉంటాయి. ఆరోగ్యంగా తిరుగుతున్న మిగతా పిల్లలందరికీ మల పరీక్షలు చేయించాలని గానీ, ఏ లక్షణాలూ లేనివాళ్ళ మలంలో జియార్డియా కనిపిస్తే వాళ్ళకూ మందు పోయాలని గానీ పట్టుపట్టకండి. వైద్యులు సాధారణంగా అలా చేయించరు, మందు వేసిన వారానికే మళ్ళీ అంటుకునే అవకాశం ఉన్నచోట అది వృథా కూడా.

మారవలసినవి ఏమిటో ఆ ఇంటికి వెళ్ళి ఒక పూట మీరే గమనించండి. డైపరు మార్చే చోటు ఎక్కడ? అన్నం వడ్డించే చోటికి ఎంత దూరం? ఒకే మనిషి రెండు పనులూ చేస్తోందా? పిల్లవాణ్ణి కడిగిన తరువాత ఆమె సబ్బుతో చేయి కడుగుతోందా, లేక మగ్గులోని నీళ్ళు పోసుకుని కొంగుకు తుడుచుకుంటోందా? పిల్లవాడి చేతులు కూడా ఎవరైనా కడుగుతున్నారా? నా అనుభవంలో తొంభై పాళ్ళు గండి ఇక్కడే ఉంటుంది. చంటిపిల్లల మలంలో దోషం ఉండదన్న భావన మన ప్రాంతంలో ఎంత గాఢమంటే, పెద్దవాళ్ళ విషయంలో ఎంతో శుచి పాటించే ఇల్లాలు కూడా పిల్లవాడి మలాన్ని తూములో పోసేసి నీళ్ళతో సరిపెడుతుంది. నిజానికి పెద్దవాళ్ళ మలం కన్నా సోకిన పసివాడి మలమే ఎక్కువ ప్రమాదం, దాన్ని మరుగుదొడ్డిలోనే వేయాలి. గదిలో ఒక మూల తుడవడానికి వీలైన రెక్సిన్ పరిచి డైపర్లు మార్చడానికి దాన్నే కేటాయించాలి. పక్కనే సబ్బు, కుళాయి ఉన్న నీళ్ళ డబ్బా ఉండాలి. శానిటైజర్ సీసా పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు, స్పిరిటుకు జియార్డియా సిస్టులు గానీ సన్నపురుగుల గుడ్లు గానీ లొంగవు. సబ్బుతో రుద్ది నీళ్ళతో కడిగేయడమే పద్ధతి. బట్టల సబ్బు ముక్కైనా చాలు. నోట్లో పెట్టుకునే బొమ్మలను రోజూ సాయంత్రం సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

ఈ మాటలు మీరొక్కరే వెళ్ళి చెబితే ఆవిడకు నింద వేసినట్టు ఉంటుంది. పది మంది పిల్లలను పగలంతా చూసుకోవడం సామాన్యమైన శ్రమ కాదు, బహుశా ఆవిడకు సహాయానికి ఒక్కరే ఉండి ఉంటారు. మిగతా తల్లుల్లో ఇద్దరినైనా వెంట తీసుకుని, అందరం తలా కొంత వేసుకుని సబ్బు, కుళాయి డబ్బా, రెక్సిన్ కొనిస్తామని మొదలుపెట్టండి. మీ బాబుకు వచ్చినది ఫలానా అని దాచకుండా చెప్పండి. అలాంటి విరేచనాలే ఇంకెవరికైనా ఉన్నాయేమో అప్పుడే బయటపడుతుంది. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉంటే అందరికీ కలిపి ఒకే వారంలో వైద్యం చేయించడం వల్ల అటూ ఇటూ అంటుకోవడం తగ్గుతుంది.

నీళ్ళ సంగతి కూడా చూడాలి. వానాకాలంలో మొదలైన జబ్బు గనుక మహేంద్రతనయ నీరో, బావి నీరో, కుళాయి నీరో ఏది వాడుతున్నా అనుమానించవలసినదే. మామూలు క్లోరిన్ బిళ్ళ చాలా క్రిములను చంపుతుంది గానీ జియార్డియా సిస్టుల మీద దాని ప్రభావం తక్కువ, క్రిప్టోస్పోరిడియం అనే మరో ఏకకణజీవి మీద దాదాపు లేనట్టే. ఆ రెండోది చిన్న విషయం కాదు. కోల్‌కతాతో కలిపి ఆసియా, ఆఫ్రికాల్లోని 7 చోట్ల జరిగి 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, ఏడాది లోపు పిల్లల తీవ్ర విరేచనాలకు ముఖ్య కారణాల్లో దాన్ని చేర్చింది. రెండింటికీ విరుగుడు నీళ్ళను తెర్లనివ్వడమే. బుడగలు గట్టిగా పొంగుతూ ఒక నిమిషం మరిగితే చాలు, పావుగంట మరిగించి గ్యాసు తగలేయనక్కర లేదు. కాచిన నీళ్ళ బిందెలో పిల్లలు గ్లాసు ముంచితే కాచిన ఫలితం పోతుంది, అందుకే కుళాయి ఉన్న డబ్బా అన్నాను.

మాత్ర రెండు రాష్ట్రాల్లోనూ వేయించిన సంగతి సరిహద్దు ఇళ్ళలో అరుదేమీ కాదు. పర్లాకిమిడిలో కాపురం, పాతపట్నంలో పుట్టిల్లో అత్తిల్లో ఉన్న ప్రతి కుటుంబంలోనూ ఇది జరగవచ్చు, ఎందుకంటే తేదీలు ఒకటి కానప్పుడు ఇటు వేసినట్టు అటు అంగన్‌వాడీ టీచరుకు తెలిసే దారి లేదు. ఒక మాత్ర అదనంగా పడినందుకు మీ బాబుకు కీడేమీ జరగదు, ఆ భయం వదిలేయండి. ఇకముందు మాత్ర వేసిన తేదీని తల్లీబిడ్డల కార్డు మీద రాయించి, ఏ వైపు వెళ్ళినా కార్డు వెంట తీసుకెళ్ళండి. కేంద్రంలో చేరిన పిల్లలు అంగన్‌వాడీలో పేరు లేకపోయినా ఆ రోజున అక్కడికి వెళ్ళి మాత్ర వేయించుకోవచ్చు. ఏలికపాములకూ కొంకిపురుగులకూ అది అవసరమే కనుక, జియార్డియాకు పనిచేయలేదన్న కోపంతో ఫిబ్రవరి విడత మానేయకండి. జ్వరం గానీ మరే జబ్బు గానీ ఉంటే మాత్రం తగ్గాక వేయించండి.

పరీక్షల కోసం ఎదురుచూస్తుండగా మలంలో రక్తం పడినా, కళ్ళు లోతుకుపోయి ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పిల్లవాడు మత్తుగా ఉన్నా, కడుపు రాయిలా గట్టిపడి ఆగకుండా వాంతులవుతున్నా, వాంతిలో పురుగు పడినా, ఉదయం దాకా ఆగకుండా రాత్రికే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అవేవీ లేకపోతే మందు పూర్తయిన నెలకు అంగన్‌వాడీలో బరువు తూయించండి. అప్పటికీ ముల్లు కదలకపోతే, మళ్ళీ మల పరీక్షతో సరిపెట్టుకోకుండా పిల్లల వైద్యుడి దగ్గర పేగుల్లోని ఇతర జబ్బుల కోసం, రక్తహీనత కోసం పరీక్షలు అడగాలి.